మొహమాటానికి గడి లేదు

షెఫీల్డ్‌లో గురువారం.
కొండెక్కే ట్రాము కింద వీధిలో మూలుగుతూ పోతోంది.
మూడో అంతస్తులో, కిటికీ తెరుచుకోని గదిలో
ఒక ఇనప చెయ్యి
నీళ్ళ గ్లాసు పట్టుకుని మనిషి కోసం చూస్తోంది.

చూడటం లేదు. అది నా మాట.
రాసుకోవలసింది ఇంతే:
చెయ్యి ముందుకొచ్చింది, ఆగింది, ఇచ్చింది.
మధ్యలో ఆ ఆగడం మేం పెట్టిందే,
సున్నా పాయింట్ నాలుగు సెకన్లు.
క్యాలమ్ కీబోర్డు మీద ఒక్క అంకె మార్చి
టీ తాగడానికి పోయాడు.

గ్లాసు అందుకున్న వాళ్ళని అడగడం నా పని:
అదేం చేసింది?

"సిగ్గుపడింది" అంది ఏడేళ్ళ టిల్డా.
దానికి వేళ్ళు రెండే కదా, అందుకట.
"సరిచూసుకుంది" అంది హోదన్,
రాత్రి డ్యూటీ దిగి తిన్నగా వచ్చిన నర్సు.
మందు చేతికిచ్చే ముందు తనూ అంతే,
మణికట్టు మీది పేరు మరోసారి చదువుకుంటుంది.
సంచీ ఒళ్ళోంచి దించని ఒకాయన
"నన్ను నమ్మలేదు" అని,
రాసుకోమన్నట్టు నా పెన్ను వైపు చూశాడు.

ఒలరెన్‌షా గారికి డెబ్బై ఆరు.
ఉక్కు ఫోర్జిలో, ఆవిరి సుత్తి పక్కన ముప్పై ఏళ్ళు.
గ్లాసు తీసుకోలేదు. ఇంకోసారి అన్నాడు. ఇంకోసారి.
తల పక్కకి వంచి చెవితో చూశాడు.
"ఆలోచనా లేదు గీలోచనా లేదు.
మోచేతిలో బేరింగు పోతోంది."
వెళ్ళబోతూ తలుపు దగ్గర నిలబడి,
"మా రెజ్ కూడా అలాగే ఆగేవాడు,
ఎర్రటి కడ్డీ పటకారుతో అందించే ముందు.
నా చెయ్యి సిద్ధమైందో లేదో అని."
ఆ రెండిట్లో ఏది జవాబో
నేను అడగలేదు. ఆయనా చెప్పలేదు.

ఫారంలో గడులు ఆరు. సంకోచం అందులో ఒకటి.
నా బుర్రలో తెలుగు ఊరుకుంటుందా,
జంకింది, వెనకాడింది, తటపటాయించింది,
బెట్టు చేసింది, నీళ్ళు నమిలింది,
గ్లాసులో ఉన్నవి నీళ్ళే మరి.
అన్నిటికన్నా ముందొచ్చిన మాట
మొహమాటపడింది.
వడ్డించే చెయ్యి, చాలు చాలనే చెయ్యి,
ఆ రెంటి మధ్య
విస్తరి మీద గాల్లో నిలబడిపోయే గరిట.
ఇది ఇక్కడ ఎవరికి, ఎక్కణ్ణించి మొదలుపెట్టి చెప్పను?
సంకోచం దగ్గర టిక్కు పెట్టాను.

నిరుడు నా మీదా ఒక ఫారం నింపారు.
పనితనం బాగుంది. మాట్లాడే ముందు సంకోచిస్తుంది.
కింద సంతకం, తేదీ.
ఎవరూ కొలవలేదు గానీ
మీటింగులో నన్నేదైనా అడిగితే
జవాబు తెలుగులో లేచి, చెప్పులు వెతుక్కుని,
ఇంగ్లీషు గుమ్మం దాటి రావడానికి
పట్టేది బహుశా అంతే.
భయం కాదు, వినయమూ కాదు.
దారి అంతుంది.

సాయంత్రం క్యాలమ్ మోచెయ్యి విప్పాడు.
బేరింగు నిజంగానే అరిగింది.
ఆగినదాంట్లో మనం పెట్టింది కొంత, దాని సొంతం కొంత,
ఏది ఎంతో ఇప్పుడు విడదీయలేం అన్నాడు.
నలభై మంది జవాబులు పక్కన పెట్టెయ్యాలేమో అన్నాడు.
టిల్డా చూసిన సిగ్గుని
ఎక్కడ పక్కన పెడతారో తెలీక
కాగితాలు ఊరికే సర్దాను.

కరెంటు తీసేస్తే
చెయ్యి ఒక అంగుళం కిందికి జారుతుంది.
బ్రేకు పట్టే లోపు బరువు అంత దిగుతుంది, మరేం లేదు.
తెలుసు.
తెలిసే, కోటు ఒక చేతికే తొడుక్కుని,
దాని వేళ్ళ మధ్య ఉండిపోయిన ఖాళీ గ్లాసు
తీసుకోబోయి
ఆగాను.
క్యాలమ్ అప్పటికే లైటు ఆర్పేశాడు.